ఇంగ్లీషు మేష్టారు - నలభై దాటిన శిష్యుడు

నలభై దాటాక పరాయి భాష ఏమిటండీ అంటారు కదూ! ట్రియెస్టెలో ఎత్తోరె ష్మిట్జ్ గారికి తప్పలేదు. అప్పట్లో అది ఆస్ట్రియా ఏలుబడిలోని రేవుపట్నం. అత్తవారిది ఓడల అడుగుకి పూసే రంగుల వ్యాపారం, లండన్‌లోనూ ఫ్యాక్టరీ పెట్టారు. మరి ఇంగ్లీషు రావాలిగా! 1907లో మేష్టారిని కుదుర్చుకున్నారు. శిష్యుడికి నలభై అయిదు, గురువుకి పాతిక. ఐర్లండు నుంచి పొట్ట చేతపట్టుకొచ్చిన ఆ కుర్రాడే జేమ్స్ జాయిస్. ఇబ్సెన్‌ని చదవాలని నార్వే భాష నేర్చిన ఘటం!

ఒకనాడు జాయిస్ తన 'ది డెడ్' కథ చదివి వినిపిస్తే, ఇల్లాలు లివియా మనసు కరిగి, తోటలోంచి పూలు కోసి తెచ్చి ఇచ్చింది. శిష్యుడి గుట్టూ బయటపడింది. ఇటాలో స్వేవో పేరుతో 1892లో ఒకటి, 1898లో ఒకటి నవలలు వేసుకున్నాడు. పలకరించిన వాడు లేడు, పాపం. రెండోదాన్ని జాయిస్ తెగ మెచ్చుకున్నాడు. ఎండిన మోడుకి నీళ్లు పోసినట్టయింది.

1923లో 'జీనో' నవల వచ్చింది. ఇటలీ మళ్లీ మొహం తిప్పేసుకుంది. పారిస్‌లో ఉన్న జాయిస్ ఊరుకుంటాడా! అక్కడి విమర్శకులతో చదివించాడు. 1926లో పేరొచ్చింది. 1928లో కారు ప్రమాదం ఆయన్ని తీసుకుపోయింది.

అన్నట్టు, లివియా పేరూ, ఆవిడ పొడుగాటి జుట్టూ జాయిస్ తన ఆఖరి నవలలో ఒక నదికి ఇచ్చాడు. ఆవిడ మురిసిపోయింది. తీరా ఆ నదిలో చాకలివాళ్లు మాసిన బట్టలు ఉతుకుతున్నారని తెలిసి మూతి ముడిచిందట!