రాయితీ ఉన్నచోట సరుకు పేరు మారుతుంది: సూరత్ రేవు నుంచి నా సైకిల్ పార్సిల్ దాకా సుంకాల కథ

ఈసారి వ్యాసం ఒక సైకిల్ సామానుతో మొదలవుతుంది. కాస్త ఓపిక పట్టండి. మొఘలుల నుంచి జీఎస్టీ వరకు సిలబస్‌లో నాలుగైదు చోట్ల విడివిడిగా చదివే విషయాలు ఇందులో ఒకే దారంలోకి వస్తాయి.

మేముండేది సూరత్ పక్కన భేస్తాన్‌లో. ముంబయి లైన్లో ఉధనా దాటాక వచ్చే స్టేషన్. నాయిన మరమగ్గాల మీద పని చేస్తాడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి ఇక్కడికొచ్చిన వేల చేనేత కుటుంబాల్లో మాదీ ఒకటి. ఇంజనీరింగ్ అయ్యాక సెకండ్ హ్యాండ్‌లో ఒక గేర్ల సైకిల్ కొన్నాను. 2022లో దాని వెనక చక్రం దగ్గర గేర్లు మార్చే డెరైలర్ విరిగింది. ఆ మోడల్‌ది ఇక్కడ దొరక్క విదేశీ వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టాను. వస్తువు, రవాణా కలిపి సుమారు 3,000 రూపాయలు. పార్సిల్ ఇంటికొచ్చే ముందు చేతికిచ్చిన సుంకం లెక్క 2,318 రూపాయలు. కొరియర్ వాళ్ళ ఫీజు అదనం.

ఆర్డర్ పెట్టే ముందు ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు: "పార్సిల్ మీద బహుమతి అని రాయమను, సుంకం పడదు." నేను రాయించలేదు. నీతి వల్ల కాదు, భయం వల్ల. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. తర్వాత చరిత్ర చదువుతుంటే ప్రతి శతాబ్దంలోనూ ఎవరో ఒకరు అదే సలహా ఇస్తూ కనిపించారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే. సుంకం ఎంత అన్నది సగం ప్రశ్న. ఎవరికి మినహాయింపు, ఆ మినహాయింపు చాటున ఎవరి సరుకు దాటింది, అప్పుడు రాజ్యం ఏం చేసింది అన్నది మిగతా సగం.

ముందు లెక్క

100 రూపాయల వస్తువు తీసుకోండి. నా పార్సిల్ వచ్చిన నాటికి సొంత వాడకం కోసం తెప్పించుకునే వస్తువులపై మూల కస్టమ్స్ సుంకం 35 శాతం. అంటే 35 రూపాయలు. ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, 3.50. మొత్తం 138.50. దీని మీద 28 శాతం ఐజీఎస్టీ, 38.78. అన్నీ కలిపితే 177.28. వస్తువు ధరపై పడింది 77.28 శాతం. పన్ను మీద పన్ను ఎలా పేరుకుంటుందో గమనించండి. తర్వాతి బడ్జెట్లలో ఈ రేట్లు మారాయి కాబట్టి పరీక్షకు తాజా బడ్జెట్ చూసుకోండి. లెక్క కట్టే పద్ధతి మాత్రం గుర్తుంచుకోండి.

తాపీ ఒడ్డున సుంకాల ఇల్లు

అక్బర్ 1573లో సూరత్‌ను గెలిచాడు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా ఇది మొఘల్ సామ్రాజ్యానికి ప్రధాన రేవు, మక్కా యాత్రికులు ఓడ ఎక్కే చోటు. తాపీ నది ఒడ్డున ఉన్న సుంకాల కార్యాలయాన్ని ఫుర్జా అనేవారు. 1608లో ఇక్కడ దిగిన విలియం హాకిన్స్‌కు మొదటి తలనొప్పి యుద్ధంతో రాలేదు, రేవు అధికారి ముకర్రబ్ ఖాన్‌తో వచ్చింది. 1615లో జేమ్స్ రాజు రాయబారిగా వచ్చిన సర్ థామస్ రో, తన బృందాన్ని సోదా చేస్తామంటే ఒప్పుకోనని పేచీ పెట్టాడు. 1666లో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో ఈ రేవులో సోదా ఎంత గట్టిగా జరిగేదో రాశాడు.

అప్పటి రేట్లు మన కంటికి చాలా తక్కువగా కనిపిస్తాయి. కానీ అందరికీ ఒకటే కాదు. 1665లో ఔరంగజేబు ముస్లిం వర్తకులకు 2.5 శాతం, హిందువులకు 5 శాతం నిర్ణయించాడు. 1667లో ముస్లింలకు పూర్తిగా ఎత్తేశాడు. ఫలితం ఊహించగలరు. సుంకం లేనివాడి పేరు మీద సుంకం ఉన్నవాడి సరుకు దాటించే వీలు ఏర్పడింది. తర్వాత ముస్లిం వర్తకులపై కూడా 2.5 శాతం తిరిగి వచ్చింది. ప్రిలిమ్స్‌కు ఈ రేట్లు చాలు. మెయిన్స్‌లో ఒక అడుగు ముందుకేసి, మతాన్ని బట్టి పెట్టిన రేటు ఖజానాకే ఎలా చిల్లు పెట్టిందో రాయండి.

మచిలీపట్నం నుంచి బక్సర్ దాకా

ఇప్పుడు మన తీరానికి రండి. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టింది. 1632లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన ఫర్మానాను 'బంగారు ఫర్మానా' అంటారు. ఏడాదికి 500 పగోడాలు కడితే చాలు, గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. ఇక్కడ మారినదేమిటో చూడండి. సరుకు విలువలో ఇంత శాతం అనే పద్ధతి పోయి, ఏడాదికి ఇంత మొత్తం అనే పద్ధతి వచ్చింది. వ్యాపారం పదింతలైనా సుల్తాన్‌కు దక్కేది అదే 500.

1717లో ఫరూక్‌సియర్ ఇదే పద్ధతిని ఇంకా పెద్ద ఎత్తున ఇచ్చాడు. బెంగాల్‌లో ఏడాదికి 3,000 రూపాయలు, సూరత్‌లో 10,000 రూపాయలు. బెంగాల్‌లో కంపెనీ సరుకుకు దస్తక్ అనే అనుమతి చీటీ ఉంటే సుంకం లేదు. అది కంపెనీకి ఇచ్చిన చీటీ. కానీ కంపెనీ ఉద్యోగులు తమ సొంత వ్యాపారానికి దాన్ని వాడుకున్నారు. భారతీయ వర్తకులకు అమ్ముకున్నారు కూడా. నా మిత్రుడి 'బహుమతి' సలహాకు ఇది తాతలాంటిది.

నవాబు మీర్ ఖాసిం ఫిర్యాదులు చేసి చేసి, చివరికి 1763లో సుంకాలు అందరికీ ఎత్తేశాడు. దేశీయ వర్తకుడు, ఆంగ్లేయుడు ఇద్దరూ సమానం. నిజానికి కంపెనీకి అభ్యంతరం ఉండకూడదు, వాళ్ళకు ఎలాగూ సుంకం లేదు కదా. అయినా యుద్ధానికి దిగారు. ఎందుకంటే వాళ్ళకు కావలసింది సుంకం లేకపోవడం కాదు, ఎదుటివాడికి సుంకం ఉండడం. 1764 అక్టోబరు 22న బక్సర్ యుద్ధం, 1765లో దివానీ హక్కు. బక్సర్ కారణాలు రాసేటప్పుడు ఈ ఒక్క పాయింట్ వదలకండి.

సుంకం లేకపోవడమూ దోపిడీయే

సూరత్ కోట 1759లో కంపెనీ చేతికి వచ్చింది, 1800లో నగర పాలన మొత్తం వచ్చింది. 1844లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఉప్పు మీద సుంకాన్ని మణుగుకు అర్ధ రూపాయి నుంచి రూపాయికి పెంచితే సూరత్ జనం వీధుల్లోకి వచ్చారు. గాంధీజీ దండికి నడిచింది 1930లో. సూరత్‌లో ఉప్పు గొడవ అంతకు 86 ఏళ్ళ ముందుది. పరీక్షల్లో ఇది చాలాసార్లు మరిచిపోయే ఘటన.

బట్ట విషయానికి వస్తే కథ తిరగబడుతుంది. ఉప్పు తినే పేదవాడిపై పన్ను పెంచిన ప్రభుత్వమే, లాంకషైర్ మిల్లు బట్టపై సుంకం తగ్గిస్తూ వచ్చింది. 1879లో లిట్టన్ తన కౌన్సిల్ మెజారిటీ వద్దన్నా ముతక బట్టపై సుంకం ఎత్తేశాడు. 1882 నాటికి దిగుమతి సుంకాలు దాదాపు అన్నీ పోయాయి. ఖజానా ఖాళీ అయ్యాక 1894లో 5 శాతం తిరిగి పెట్టారు. 1896లో దిగుమతి బట్టపై 3.5 శాతానికి తగ్గించి, భారతీయ మిల్లు బట్టపైనా అదే 3.5 శాతం ఎక్సైజ్ వేశారు. ఆ ఎక్సైజ్ రద్దయింది 1926లో. సుంకం తక్కువైతే జనానికి మేలు అని అనుకునేవారికి ఇది గట్టి జవాబు.

సైకిల్ ఎలా మనదైంది

1919 సంస్కరణల తర్వాత ఫిస్కల్ అటానమీ కన్వెన్షన్, 1921లో ఇబ్రహీం రహీంతులా అధ్యక్షతన ఫిస్కల్ కమిషన్, 1923లో టారిఫ్ బోర్డు వచ్చాయి. అన్నిటికీ కాకుండా ఎంచిన పరిశ్రమలకు మాత్రమే రక్షణ ఇవ్వడాన్ని 'విచక్షణాయుత రక్షణ' అన్నారు. 1924లో ఉక్కుకు దక్కింది.

సైకిల్ అప్పటికి పూర్తిగా దిగుమతి సరుకు. ర్యాలీ, బీఎస్ఏ, హెర్క్యులిస్ అన్నీ ఇంగ్లండు నుంచి ఓడ దిగేవి. 1939 ప్రాంతంలో బొంబాయిలో హింద్ సైకిల్స్ మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతులకు లైసెన్సులు, ఎత్తైన సుంకాల గోడ వచ్చాయి. బ్రిటిష్ కంపెనీలు ఆ గోడ దాటలేక గోడ లోపలికి వచ్చి ఇక్కడివాళ్ళతో కలిశాయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ అలా పుట్టాయి. కమాలియా నుంచి వచ్చిన ముంజాల్ సోదరులు సైకిల్ విడిభాగాల వ్యాపారంతో మొదలుపెట్టి 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ స్థాపించారు. నాలాంటివాడి తాత సైకిల్ కొనగలిగాడంటే ఆ గోడ పుణ్యమే. ఆ గోడ లోపల గేర్ల సైకిల్ మాత్రం సరిగ్గా ఎదగలేదు. రెండూ నిజాలే, జవాబులో రెండూ రాయాలి.

1991 తర్వాత

1991 జూలై 24 బడ్జెట్‌లో మన్మోహన్ సింగ్ గరిష్ఠ దిగుమతి సుంకాన్ని 150 శాతానికి దించారు. చెల్లయ్య కమిటీ సూచనలతో ఏటా తగ్గిస్తూ, 2007-08 నాటికి వ్యవసాయేతర వస్తువులపై గరిష్ఠ రేటు 10 శాతానికి చేరింది. ప్రపంచ వాణిజ్య సంస్థ వివాదం తర్వాత 2001 ఏప్రిల్ 1 నాటికి పరిమాణాత్మక ఆంక్షలు పోయాయి. తర్వాత గాలి మళ్ళీ మళ్ళింది. 2023 బడ్జెట్‌లో సైకిళ్ళపై సుంకం 30 నుంచి 35 శాతానికి పెరిగింది.

ఇక ఆ 'బహుమతి' సంగతి. విదేశాల నుంచి వచ్చే బహుమతులకు ఒక విలువ వరకు సుంకం మినహాయింపు ఉండేది. విదేశీ ఆన్‌లైన్ అమ్మకందారులు మామూలు సరుకునే బహుమతి పేరుతో పంపడం మొదలుపెట్టారు. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నోటిఫికేషన్‌తో తపాలా, కొరియర్ ద్వారా బహుమతుల దిగుమతి నిషేధమైంది. ప్రాణరక్షక మందులు, రాఖీలకు మాత్రం వదిలారు. ఔరంగజేబు ఒకసారి, మీర్ ఖాసిం ఒకసారి ఎదుర్కొన్న ఇబ్బందే ఇది. ఒకరు తన వాళ్ళపైనా తిరిగి సుంకం వేశాడు. ఒకరు అందరికీ ఎత్తేశాడు. మన ప్రభుత్వం ఆ తలుపే మూసేసింది. మీర్ ఖాసింకు లేనిది, మనకున్నది ఒక్కటే: తలుపు మూసే అధికారం. దాన్నే ఆర్థిక సార్వభౌమత్వం అంటాం.

మా ఇంట్లో రెండు పక్షాలు

పార్సిల్ వచ్చిన రోజు నేను గంటసేపు సుంకాన్ని తిట్టాను. నాయిన రాత్రి షిఫ్టుకు బయల్దేరుతూ అన్నాడు: "నీ సైకిల్ సామానుకు పన్ను తక్కువుండాలె అంటవ్. చైనా బట్టకు ఎక్కువుండాలె అంటవ్. ఏదో ఒకటి చెప్పు బిడ్డా."

నేను చెప్పలేకపోయాను. సూరత్ మొత్తం ఇదే తగువులో ఉంది. నూలు తయారుచేసేవాళ్ళు దిగుమతి నూలుపై సుంకం కావాలంటారు. ఆ నూలు కొని నేసే మగ్గాల యజమానులు వద్దంటారు, కానీ దిగుమతి బట్టపై కావాలంటారు. 2025 బడ్జెట్‌లో తొమ్మిది రకాల అల్లిక బట్టలపై సుంకం 20 శాతం లేదా కిలోకు 115 రూపాయలు, ఏది ఎక్కువైతే అది అని మార్చారు. బట్టను తక్కువ ధర చూపించి దాటిస్తే శాతం లెక్క పనిచేయదు, కిలో లెక్క పనిచేస్తుంది. గోల్కొండ సుల్తాన్‌కు తట్టని జాగ్రత్త ఇది. ఆ మార్పు మా బస్తీలో ఎన్ని మగ్గాలు ఆగకుండా కాపాడుతుందో కాలం చెప్పాలి. కానీ ఆ వార్త చదివిన రోజు నాయిన పేపర్ మడిచి దాచుకున్నాడు.

ఆ డెరైలర్ ఇంకా పనిచేస్తోంది. లైబ్రరీకి రోజూ దాని మీదే వెళ్తున్నాను. గేరు మార్చినప్పుడల్లా 2,318 గుర్తొస్తుంది. ఆ వెంటనే నాయిన ప్రశ్న గుర్తొస్తుంది.

సాధన కోసం ఒక ప్రశ్న ఇస్తున్నాను, 250 పదాల్లో రాయండి: "భారతదేశంలో సుంకాల చరిత్ర అంటే మినహాయింపుల చరిత్రే. 1632 నుంచి నేటి వరకు ఉదాహరణలతో చర్చించండి." రాసేటప్పుడు ప్రతి ఉదాహరణకూ మూడు ప్రశ్నలు వేసుకోండి. మినహాయింపు ఎవరికి వచ్చింది? దాని చాటున ఎవరు దాటారు? బిల్లు చివరికి ఎవరు కట్టారు? మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మీ ముగింపు దొరికినట్టే.