రెండు వైర్ల నుంచి నాలుగు వైర్లకు: క్యాబినెట్ ఫ్యాన్ కథ

వరంగల్ ఎండ గురించి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెలలో 43, 44 డిగ్రీలు మనకు మామూలే. కంప్యూటర్‌లో ఫ్యాన్ ఏసీ కాదు, గదిలో ఉన్న గాలినే లోపలికి లాగుతుంది. గది 40 ఉంటే లోపల ప్రాసెసర్ అంతకంటే పైనే ఉంటుంది. చల్లటి ఊళ్లో నడిచిపోయే కనెక్షన్ ఇక్కడ నడవదు. "అన్నా, క్యాబినెట్ ఫ్యాన్ వైరు ఎక్కడ గుచ్చాలి?" అని అడిగేవాళ్లకి ఇవాళ చరిత్రలోంచి జవాబు చెప్తా. ఎందుకంటే ఆ నాలుగు పిన్నులు ఒకేసారి రాలేదు.

మొదట్లో వేడి అనేది కంప్యూటర్ సమస్య కాదు, గది సమస్య. హైదరాబాద్‌లో ఏ.ఎస్.రావు గారి ఆధ్వర్యంలో 1967లో మొదలైన ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. ఆ తరం పెద్ద మెషీన్లకు మామూలుగా ఏసీ గదే కట్టించేవాళ్లు. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చాక కంప్యూటర్ టేబుల్ మీదికి దిగింది. దాని పవర్ సప్లై మొత్తం 63.5 వాట్లు! ఇప్పుడు ఒక మామూలు గ్రాఫిక్స్ కార్డే అంతకంటే ఎక్కువ తాగుతుంది. ఆ పీసీ ప్రాసెసర్ మీద హీట్ సింక్ కూడా లేదు. ఫ్యాన్ పవర్ సప్లై డబ్బాలో ఉండేది. అది తిరుగుతోందో లేదో మదర్‌బోర్డుకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

1993లో పెంటియం వచ్చాక లెక్క మారింది. చిప్ వేడెక్కింది, దాని నెత్తిన ఫ్యాన్ పెట్టారు. చాలా ఫ్యాన్లకు రెండే వైర్లు: ఒకటి 12 వోల్టులు, ఇంకోటి గ్రౌండ్. పవర్ సప్లై నుంచి వచ్చే పెద్ద నాలుగు రంధ్రాల పిన్‌కి, అదే మనోళ్లు మోలెక్స్ అంటారు, దానికి కలిపేసేవాళ్లు. కరెంటు వస్తే ఫుల్ స్పీడ్‌లో తిరుగుడే. దుమ్ముపట్టి ఆగిపోతే? ఎవరికీ తెలియదు. మెషీన్ హ్యాంగ్ అయ్యాకే తెలిసేది.

మూడో వైరు ఈ గుడ్డితనానికి మందు. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగితే ఆ వైరు మీద రెండు పల్స్‌లు వస్తాయి. బోర్డు వాటిని లెక్కపెట్టి నిమిషానికి ఎన్ని చుట్లో చెప్తుంది. నా లెక్కలో ఈ కథ మొత్తంలో పెద్ద మలుపు ఇదే. ఎల్‌ఈడీ లైట్లకి మనం ఇచ్చే విలువలో సగం కూడా దీనికి ఇవ్వం గానీ! ఈ రోజు ఆన్ చేయగానే "సీపీయూ ఫ్యాన్ ఎర్రర్" అని బోర్డు ఆగిపోతోందంటే, అది ఈ మూడో వైరు పుణ్యమే.

స్పీడ్ తగ్గించడానికి అప్పట్లో వోల్టేజీ తగ్గించేవాళ్లు. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌కి ఉండే పాత డబ్బా రెగ్యులేటర్ గుర్తుందా? దాదాపు అదే పద్ధతి. మరీ తగ్గిస్తే ఫ్యాన్ కదలదు. 2004 వచ్చేసరికి పెంటియం 4 చిప్పులు 100 వాట్లు దాటేశాయి. ఆ రోజుల్లోనే ఇంటెల్ నాలుగు వైర్ల ఫ్యాన్‌కి ప్రమాణం రాసింది. ఫ్యాన్‌కి 12 వోల్టులు ఎప్పుడూ అలాగే ఉంటాయి. నాలుగో వైరు మీద మాత్రం సెకనుకి 25 వేల సార్లు ఆన్-ఆఫ్ సిగ్నల్ వెళ్తుంది, ఆన్‌లో ఎంతసేపు ఉంటే అంత స్పీడ్. 25 వేలు ఎందుకంటే మనిషి చెవికి 20 వేలు దాటితే వినపడదు. ఇంకో తెలివైన రూల్ కూడా పెట్టారు: ఆ సిగ్నల్ రాకపోతే ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో తిరగాలి. పొరపాటు జరిగినా చల్లదనం వైపే జరగాలని.

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. మూడు పిన్నుల ఫ్యాన్ నాలుగు పిన్నుల హెడర్‌లో పడుతుంది, ప్లాస్టిక్ గాడి చూసుకుని పెట్టండి. బయోస్‌లోకి వెళ్లి ఆ హెడర్‌ని డీసీ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ఎప్పుడూ ఫుల్ సౌండే. ప్రాసెసర్ ఫ్యాన్‌ని సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే పెట్టాలి, క్యాబినెట్ ఫ్యాన్లని సిస్టమ్ ఫ్యాన్ లేదా ఛాసిస్ ఫ్యాన్ అని ఉన్నచోట. కొన్ని షాపుల్లో తొందరగా అయిపోతుందని అన్నీ మోలెక్స్‌కి కలిపి పంపిస్తారు. తిరుగుతాయి, నిజమే. కానీ కాజీపేటలో ఒక హాస్టల్ గదిలో, మే నెల మధ్యాహ్నం, ప్రాజెక్ట్ రెండర్ పెట్టి నిద్రపోయిన పిల్లాడికి ఫ్యాన్ ఆగిందని చెప్పేవాడు ఉండడు. 1993కి వెనక్కి వెళ్లినట్టే.

హెడర్లు చాలకపోతే స్ప్లిటర్ వాడొచ్చు, కానీ ఫ్యాన్ల మీద రాసిన ఆంపియర్లు కూడండి. మామూలు హెడర్ 1 ఆంపియర్ వరకే, మీ బోర్డు మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. దాటితే సాటా పవర్ తీసుకునే హబ్ కొనండి. స్ప్లిటర్‌లో స్పీడ్ చెప్పే వైరు ఒక్క ఫ్యాన్‌కే ఉంటుంది, మిగతావి ఆగినా బోర్డుకి తెలియదు. వాటిని నెలకోసారి క్యాబినెట్ తెరిచి మీరే చూసుకోవాలి. వచ్చే ఎపిసోడ్‌లో థర్మల్ పేస్ట్.