ఎముకనూ కట్టారు, ఏటినీ కట్టారు

చెయ్యి విరిగిందంటే ఆస్పత్రి కంటే ముందు పుత్తూరు గుర్తుకొచ్చే సీమ మాది. తిరుపతి నుంచి చెన్నైకి పోయే దారిలో పుత్తూరు, దాని పక్కనే రాచపాళెం. అక్కడి రాజుల కుటుంబం 19వ శతాబ్దం చివరినుంచీ ఎముకలు కడుతోంది. ఈ వైద్యానికి మూలపురుషుడు కేశవరాజు. వేటలో దొరికిన కుందేలును ఆయన ఏవో ఆకుల్లో చుట్టి తెచ్చాడనీ, ఇంటికొచ్చి విప్పేసరికి దాని విరిగిన కాలు అతుక్కుని ఉందనీ ఈ పక్క ఊళ్లలో చెప్పుకుంటారు.

కథ సంగతి ఎలా ఉన్నా, ఆ చేతుల పనితనం చూసి తీరాలి. విరిగినచోట వేళ్లతో తడుముతారు. రోగిని మాటల్లో పెట్టి ఒక్క లాగు లాగి ఎముకను దారిలోకి తెస్తారు. ఆకుపసరూ గుడ్డు తెల్లసొనా పట్టించి, వెదురు దబ్బలు ఆనించి, గుడ్డతో బిగించి చుడతారు. మరీ బిగిస్తే నెత్తురు ఆడదు, వదులైతే ఎముక కదులుతుంది. ఆ మధ్య కొలత వేళ్లకే తెలుసు. ఇప్పుడు ఎక్స్‌రే పట్టుకునే వస్తారు చాలామంది. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే మాత్రం నేరుగా శస్త్రవైద్యుడి దగ్గరికే పోవాలి.

ఈ పనినే ఇంగ్లిషువాళ్లు ‘సెట్’ చేయడం అంటారు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికంటే పొడుగాటి వివరణ ఆ చిన్న క్రియదే. దానికి నాలుగు వందలకు పైగా అర్థాలిచ్చారు. పొద్దు గుంకడం, నగలో రాయి పొదగడం, అచ్చక్షరాలు కూర్చడం, ఎముక సరిచేయడం అన్నీ అందులోనే. తర్వాతి సవరణలో ‘రన్’ ఆరు వందలు దాటి దాన్ని వెనక్కి నెట్టింది.

మన ‘కట్టు’దీ అదే తీరు. ఇల్లు, తాళి, పాట, పందెం, శిస్తు అన్నీ కడతాం. అయితే తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ అర్థాలు ఒకదాన్నొకటి పోషించుకున్నాయి. ఆ చరిత్ర అకారాది క్రమంలో దొరకదు.

నీళ్లతో మొదలుపెడదాం. ఇక్కడ ఏడాది పొడవునా పారే ఏరు లేదు. స్వర్ణముఖి అయినా, బాహుదా అయినా వానొస్తేనే ప్రాణం. అందుకే పెద్దలు వంకలకు అడ్డంగా కట్టలు పోసి గొలుసుకట్టు చెరువులు ఏర్పరచారు. పై చెరువు నిండి మరవ పారితే కిందిది నిండుతుంది. తూము కింద ఏ మడికి ఎన్నాళ్లు నీళ్లు కట్టాలో చూసుకునేవాడు నీరుగట్టి. రైతు పార పట్టుకుని మడవ కడితే నీళ్లు పక్క మడిలోకి మళ్లుతాయి.

ఆ కట్టలకు సొమ్ము ఎక్కడిది? ఆ లెక్కల్లో చాలా భాగం తిరుమల శాసనాల్లో ఉంది. దేవస్థానం ఎపిగ్రఫిస్టు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పరిశోధించిన వెయ్యికి పైగా శాసనాలు 1930లలో సంపుటాలుగా వచ్చాయి. వాటిలో విజయనగర కాలం నాటివే ఎక్కువ. చంద్రగిరి నుంచి ఎదిగి 1485లో సింహాసనమెక్కిన సాళువ నరసింహుడి కాలంలో ఈ దానాలు జోరందుకున్నాయి. దాత గుడి ఖజానా అయిన శ్రీభండారానికి నర్పణాలనే నాణేలు కట్టేవాడు. ఆ డబ్బుతో గుడి ఊళ్లలో చెరువులూ కాలవలూ తవ్వించేవారు. అదనంగా పండిన పంటతో దాత పేరిట స్వామికి నైవేద్యం నడిచేది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకే. చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో దీని మీద రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. నా మట్టుకు నాకు తిరుమల వైభవంలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. భక్తుడు దేవుడికి కట్టిన డబ్బు రైతు మడికి కట్టే నీళ్లయింది.

ఇప్పటికీ ఇంట్లో జ్వరమొస్తే అమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడివేసి ముడుపు కడుతుంది. కొండకు పోయినప్పుడు అది కొప్పెరలో పడుతుంది, పరకామణిలో లెక్కకొస్తుంది. తాళ్లపాక అన్నమయ్య కట్టిన పాటలు రాగిరేకులెక్కి, శతాబ్దాల పాటు అదే గుడిలోని సంకీర్తన భాండాగారంలో ఉన్నాయి.

కొండ కింద గంగమ్మ జాతరలో మగవాళ్లు వేషం కడతారు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం. అమ్మవారి పుట్టింటి సారె అవిలాల నుంచి వస్తుంది. చెరువున్న ఊరే అది. ఆ చెరువు ఇప్పుడు తిరుపతి నగరం అంచున పడింది.

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి, వృత్తుల మాటలను పనివాళ్ల నోటినుంచే సేకరించాలని పట్టుబట్టారు. మాండలిక వృత్తి పదకోశంలో సేద్యం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో ఆయన ఆధ్వర్యంలోనే వచ్చాయి. పుత్తూరు వైద్యుల మాటలకూ, మాలలు కట్టేవాళ్ల మాటలకూ, మిగిలిన నీరుగట్ల మాటలకూ అలాంటి సంపుటం ఒకటి రావాలి. వయసు మళ్లిన నీరుగట్టి దగ్గరికైతే ఈ ఏడే పోవాలి.

చెన్నైలోనూ బెంగళూరులోనూ ‘పుత్తూరు కట్టు’ అని బోర్డులు కనిపిస్తాయి. లిపి మారుతుందే తప్ప మాట మారదు. తమిళులకూ కన్నడిగులకూ ఉన్నది అదే క్రియ.