తెలంగాణ శకుంతలకు అరుపులే ఎందుకు?

బోధన్ శక్కర్‌నగర్‌లో చెరకు కాటా కాడ నౌకరి చేసినోన్ని నేను. 1931లో నిజాంసాగర్ కట్ట పూర్తయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కాలువ కింద భూములు కొని క్యాంపులు కట్టుకున్న గుంటూరు, కృష్ణా రైతులది ఒక తెలుగు, మా ఊళ్లది ఇంకో తెలుగు. దఫ్తర్ల ఉర్దూ, మంజీర అవతలి బిలోలి దిక్కు నుంచి వచ్చేటోళ్లది మరాఠీ. కాటా కాడ అన్నీ నడిచేవి. టాకీసుల మాత్రం క్యాంపు తెలుగే. మా మాట వినబడిందంటే రౌడీ నోటనో, నవ్వించేటోని నోటనో.

1979 నాటి ‘మా భూమి’ ఆ లెక్క మార్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్, నిర్మాతల్ల ఒకరు మన బి. నర్సింగరావు. నాటకాల నుంచి వచ్చిన శకుంతలకు అదే మొదటి సినిమా. ఆమె పుట్టింది 1951లో, మహారాష్ట్రల. ఇంట్ల మరాఠీ, బజార్ల తెలుగు మాట్లాడే కుటుంబాలు బోధన్‌ల ఎన్నో ఉన్నయి. అందుకే ఆమె నోట మా యాస పలికితే మాకు వింత అనిపియ్యలే.

తర్వాత పరిశ్రమ ఆమె పేరు ముందట ‘తెలంగాణ’ అని పెట్టింది. పాత్రలు మాత్రం గయ్యాళి అత్తలు, కత్తి పట్టిన అక్కలే ఎక్కువ. 2003లో ‘ఒక్కడు’ల కర్నూలు విలన్ ఓబుల్ రెడ్డికి తల్లయి సీమ యాస పలికింది. అదే ఏడు తమిళ ‘దూళ్’ల స్వర్ణక్కయి విక్రమ్‌కు ఎదురు నిలిచింది. ఏ యాసైనా నోట పట్టే నటి ఆమె. కానీ ఆమె కాడికి వచ్చినోళ్లు అడిగింది గొంతు పెంచుమనే.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది. జూన్ 14న ఆమె పోయింది.

మూడేండ్లకు ‘ఫిదా’ వచ్చింది. కథ మా బాన్సువాడది, నిర్మాత మా నర్సింగ్‌పల్లి దిల్ రాజు, దర్శకుడు శేఖర్ కమ్ముల. తమిళనాడు పిల్ల సాయి పల్లవి మా యాస నేర్చుకొని, సొంత గొంతుతోనే నాయిక భానుమతిని పలికించింది. ఈసారి మా మాట అలిగింది, ప్రేమించింది, తండ్రి కోసం ఏడ్చింది. జనం నెత్తిన పెట్టుకున్నరు.

అదే మాట శకుంతల నోట ఉన్నప్పుడు కొట్లాటకే వాడుకున్నరు. లోపం ఆమె నటనల లేదు, మా యాసల లేదు. పాత్రలు రాసినోళ్ల చెవులల్ల ఉంది.