కృష్ణా డెల్టా చేపల పెంపకం – అవయవాల పొందిక: ఒక చారిత్రక పరిశీలన

పామర్రుకు ఈశాన్యాన కైకలూరు, కొల్లేరు ప్రాంతంలో చేపల చెరువులు 1980ల నుండి విస్తరించాయి. బొచ్చె, శీలావతి పిల్లలను కిక్కిరిసిన చెరువులో తక్కువ మేతతో నెలల తరబడి నిలిపి, పిదప పెద్ద చెరువులోకి వదలడం అక్కడి రైతుల పద్ధతి. మేత చాలని చేపకు తల పెద్దదిగా, ఒళ్లు సన్నగా కనిపిస్తుంది. మేత అందగానే ఒళ్లు వేగంగా పుంజుకొని తలకు తగినట్లవుతుంది.

అవయవాల సాపేక్ష వృద్ధిని 1932లో జూలియన్ హక్స్‌లీ గణితసూత్రంగా వివరించాడు. ఒక అవయవం వెనుకబడితే మిగిలిన దేహానికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు 2012లో డ్రోసోఫిలా ఈగ పరిశోధనలు సమాధానమిచ్చాయి: లార్వాలో దెబ్బతిన్న అవయవాంకురం డిల్ప్‌8 అనే హార్మోనును విడుదల చేసి రూపవిక్రియను ఆలస్యం చేస్తుంది, ఇతర అవయవాల పెరుగుదలనూ మందగింపజేస్తుంది.

ఈగది గాయం, చేపది ఆకలి. రెండూ ఒకటి కావు. అయినా దేహసౌష్ఠవం పెరుగుతూ సరిదిద్దుకొనే క్రమమని రెండూ చూపుతున్నాయి. డెల్టా విజ్ఞాన చరిత్రలో రైతుల ఈ అనుభవజ్ఞానానికి చోటు దక్కాలి.