ఐరోపా నదులపై యువజన నౌకావిహారములు

ఐరోపా ఖండమునందు రైను, డాన్యూబు, సేను, రోను, డౌరో మున్నగు నదులపై వారము పది దినములు సాగు నౌకావిహారములు చిరకాలము ఉద్యోగవిరమణానంతర వినోదముగనే పరిగణింపబడుచుండగా, ఇరువదియొకటవ శతాబ్ది రెండవ దశకాంతమున కొన్ని సంస్థలు ఇరువది, నలువది యేండ్ల నడిమి వయస్సుగల ప్రయాణికుల నుద్దేశించి నౌకలను ప్రత్యేకముగ సిద్ధపరచి, భోజనవేళలను, రేవులలో నిలుచు కాలమును మార్చి నడపిన యాత్రలకు ఈ పేరు వర్తించును. వీనిలో ప్రముఖమైనది యూనివరల్డ్ సంస్థవారు 2018లో ఆరంభించిన ‘యు బై యూనివరల్డ్’. సకుటుంబయాత్రలు, సైకిలు యాత్రలు దీనికి దగ్గఱివే యైనను, వానిని యువజనవిహారములలో చేర్చుట ప్రచారపత్రముల యలవాటేగాని సరియైన వర్గీకరణము కాదు. కావున ఇచట వాని ప్రసక్తి అవసరమైనంతవరకే చేయబడినది.

పూర్వరంగము

నదీవిహారము వృద్ధుల సొత్తని తలచువారికి, రైనునదీయాత్రకు సాహిత్యప్రతిష్ఠ కల్పించినవారిలో పలువురు యౌవనవంతులని వినుట వింతగా తోపవచ్చును. 1814 సెప్టెంబరులో పెర్సీ షెల్లీ కవి, తరువాత మేరీ షెల్లీయని ప్రసిద్ధి నొందిన మేరీ గాడ్విన్, ఆమె సవతి చెల్లెలు క్లేర్ క్లేర్మాంట్ స్విట్జర్లండునుండి స్వదేశమునకు మరలుచు, చేత సొమ్ము కొఱవడినందున, బండిప్రయాణముకంటె చౌకయని రైనుపై పడవల నాశ్రయించిరి. అప్పటికి షెల్లీకి 22 ఏండ్లు, మేరీకి 17 నిండి కొలది దినములే, క్లేరుకు 16. ఆ ప్రయాణవృత్తాంతము 1817లో గ్రంథరూపమున వెలువడినది. 1816లో బైరను కవి అదే నదీతీరమున పయనించి, తన ‘చైల్డ్ హెరాల్డ్’ కావ్యము మూడవ సర్గమునందు దానిని వర్ణింపగా, ఆంగ్లయువకులకు రైనుయాత్ర విద్యాభ్యాసములో నొక భాగమువంటిదైనది. బింగెన్ పట్టణమునకును కోబ్లెంజ్ పట్టణమునకును నడుమ సుమారు 65 కిలోమీటర్ల పొడవున నది కొండలను కోసికొనిపోవు భాగమే వారందఱిని ఆకర్షించినది. పాపికొండల నడుమ గోదావరిని చూచినవారికి దాని స్వరూపమును ఊహించుట కష్టము కాదు, అయితే అచట ప్రతి శిఖరముమీదను శిథిలదుర్గమొకటి యుండును, దరినే రైలుమార్గములు పోవుచుండును.

ఆవిరినౌకలు వచ్చినపిమ్మట ఈ యాత్ర క్రమబద్ధమైన వ్యాపారమైనది. నేటికిని నడచుచున్న కొలోను–డ్యుసెల్‌డార్ఫ్ నౌకాసంస్థ తన జన్మవత్సరము 1826 అని చెప్పుకొనును. అది కొలోను సంఘము స్థాపితమైన యేడు. డ్యుసెల్‌డార్ఫ్ సంఘము పదియేండ్ల తరువాతిది. రెండును కలసి పనిచేయ నారంభించినది 1853లో. కావున సంయుక్తసంస్థకు 1853నే ఆరంభముగ గణించువారును కలరు గాని, నౌకల రాకపోకలు నిరంతరముగ సాగినవగుటచే 1826 అను లెక్కయే యుక్తతరము. డాన్యూబుపై వియన్నా కేంద్రముగ 1829లో ఏర్పడిన సంస్థ యిట్టిదే. ఈ నౌకలు పగటిప్రయాణముల కుద్దిష్టములు. నౌకయందే పడక, భోజనము, దినమున కొక నగరము అను పద్ధతి ఇరువదవ శతాబ్దపు టుత్తరార్ధమున స్థిరపడినది.

వృద్ధుల వినోదమగుటకు కారణములు

1992 సెప్టెంబరులో పూర్తియైన రైను–మైన్–డాన్యూబు కాలువ ఈ చరిత్రయందు ప్రధానఘట్టము. 793 ప్రాంతమున షార్లమేను చక్రవర్తి త్రవ్వింపబూనినదియు, 1846లో బవేరియా రాజు లుడ్విగ్ పూర్తి చేయించియు పెద్ద నౌకలకు చాలనిదియు నైన సంధానమును, బాంబెర్గ్ నుండి కెల్‌హైమ్ వఱకు 171 కిలోమీటర్ల పొడవున, 16 లాకులతో ఆధునికముగ సాధించిన ఈ కాలువ వలన ఆమ్‌స్టర్‌డామ్ రేవున నెక్కిన ప్రయాణికుడు పెట్టె మార్చకయే బుడాపెస్టు చేరుట సాధ్యమైనది. అయితే ఆ లాకుల వెడల్పు 12 మీటర్లే. అందుచేత నౌక పొడవు 135 మీటర్లకును, వెడల్పు 11.4 మీటర్లకును మించరాదనుట అలిఖితశాసనమైనది. వంతెనలు తక్కువయెత్తున నుండుటచే పైడెక్కు మీది కటాంజనములు మడచుటకును, సరంగు నిలుచు గది క్రిందికి దిగుటకును వీలుగ నిర్మింపబడును. వంతెనలు వరుసగ వచ్చునపుడు ప్రయాణికులను పైకి రానీయరు.

ఈ కొలతలే నౌకయందలి జీవనమును నిర్ణయించినవి. సముద్రనౌకలయందువలె నాటకశాలలు, జలక్రీడాస్థలములు, పది రకముల భోజనశాలలు నెలకొల్పుటకు చోటు లేదు. ఒక భోజనశాల, ఒక విశ్రాంతిశాల, ఒక పైడెక్కు మాత్రమే. మిగిలిన స్థలమంతయు గదులకే కావలెను, ఏలయన నూటయెనుబది మంది చెల్లించు రుసుముతోనే నౌకవ్యయమంతయు గడవవలెను. ఆ రుసుము సహజముగనే అధికమగును. ఒంటరిగ వచ్చువాడు రెండవ పడకకును కొంత సొమ్ము చెల్లింపవలసి యుండుటచే, స్నేహితులతోనో ఒంటరిగనో తిరుగు యువకునికి ఈ లెక్క మొదటనే ప్రతికూలము. ప్రాతఃకాలమున చరిత్రకారుని వెంట నగరదర్శనము, మధ్యాహ్నము ప్రయాణము, సాయంకాలము ఏడింటికి భోజనము, పదింటికి నిద్ర అను దినచర్య విశ్రాంతవయస్కులకు హాయినిచ్చినది.

టార్‌స్టీన్ హాగెన్ 1997లో స్థాపించిన వైకింగ్ సంస్థ ఈ వాస్తవమును లోపముగ గాక బలముగ గ్రహించి, 2012 నుండి ఏకరూపములైన పొడవునౌకలను పెక్కింటిని నిర్మింపజేసి, అమెరికాలోని ప్రజాటెలివిజనునందు ప్రసారమగు ఆంగ్లనాటకముల ప్రేక్షకులనే తన గ్రాహకులుగ నెంచుకొని ప్రకటనలు గావించి, పదునెనిమిదేండ్ల లోపువారిని చేర్చుకొనమని నియమము చేసినది. ఈ సంస్థ విజయమే ఇతరులు యౌవనమువైపు చూచుటకు పరోక్షకారణమని చెప్పవచ్చును. పెద్దల విపణిని ఒకడు ఇంత బలముగ నాక్రమించినపుడు ప్రక్కవారికి వేఱొక తరము కావలెను గదా!

‘యు’ నౌకలు

యూనివరల్డ్ సంస్థను సెర్బా ఇలిచ్ 1976లో స్థాపింపగా, 2004లో టోల్మన్ కుటుంబమువారి ‘ది ట్రావెల్ కార్పొరేషన్’ దానిని స్వాధీనము చేసికొనినది. ఆ కుటుంబమువారి చేతులలోనే కాంటికి అను బస్సుయాత్రల సంస్థ యుండినది. న్యూజిలండుదేశీయుడు జాన్ ఆండర్సన్ లండనునందు నెలకొల్పిన ఈ సంస్థ (ఆరంభము 1961 అని కొన్నియెడల కానవచ్చును, తొలియాత్ర జరిగిన 1962నే గ్రహించుట మేలు) 18 మొదలు 35 ఏండ్లవారికే పరిమితమై యుండెడిది. కావున వయఃపరిమితి విధించి యాత్రలమ్ముట ఆ గృహమునకు క్రొత్త విద్య కాదు. దానిని బస్సునుండి నౌకకు మార్చుటయే క్రొత్త.

2016 శరత్కాలమున ‘జెనరేషన్ యు’ అను పేర ప్రకటింపబడిన ఈ యోజన 2017 ఆరంభమున ‘యు బై యూనివరల్డ్’గ మారినది. వయఃపరిమితిని గూర్చి వివరములు భిన్నముగ నున్నవి: తొలిప్రకటనలను బట్టి 18–40 అనియు, తరువాతివానిని బట్టి 21–45 అనియు తెలియుచున్నది. టికెట్లు అమ్ముడైన కాలమున అమలులోనున్నది రెండవదే కావున దానినే ప్రమాణముగ గొనవలెను. సంస్థ క్రొత్త నౌకలను కట్టింపలేదు. తన యొద్దనున్న ‘రివర్ అంబాసడర్’, ‘రివర్ బారొనెస్’ అను రెండు పాతనౌకలను, ఒక్కొక్కటి సుమారు 120 మందిని మోయునట్టివానిని, మరమ్మతు చేయించి, ‘ది ఎ’, ‘ది బి’ అని ముక్తసరిగ పేరు మార్చి, నదీనౌకలన్నియు శ్వేతవర్ణముననుండు సంప్రదాయమునకు విరుద్ధముగ మెఱపులేని నలుపురంగు పూయించినది. ఈ నలుపు మంచి యుక్తి: రేవున నాలుగు తెల్లనౌకల ప్రక్క అది దూరమునుండియే పోల్కి పట్టుటకు వీలైనది, ప్రకటనకు వేఱు వ్యయము లేకపోయినది.

లోపలి మార్పులలో చెప్పదగినవి కొన్ని కలవు. ఇద్దఱికి నలుగురికి ప్రత్యేకమైన బల్లలు తీసివైచి, అపరిచితులు ఒకచో కూర్చుండునట్టి దీర్ఘమైన బల్లలు వేయబడినవి. రుసుములో మూడుపూటల భోజనమునకు బదులు ప్రొద్దెక్కినపిమ్మటి ఫలాహారభోజనమును, రాత్రిభోజనమును మాత్రమే చేర్పబడినవి. మధ్యాహ్నము నగరమందు తినవలెనని తాత్పర్యము. పానీయములకు వేఱుగ చెల్లింపవలెను. ముగ్గురు పంచుకొను గదులును కొన్ని ఏర్పడినవి. పైడెక్కుపై యోగాభ్యాసము, గుడారములలో రాత్రి శయనము, చిత్రలేఖనము, మధుశాలయందు పానీయమిశ్రణ ప్రదర్శనములు కార్యక్రమములో చేరినవి. వీనిలో పత్రికల దృష్టిని మిక్కిలిగ నాకర్షించినది ‘సైలెంట్ డిస్కో’: నర్తకులు చెవులకు హెడ్‌ఫోనులు తగిల్చుకొని, ఎవరికి వారు సంగీతము వినుచు ఆడుదురు, బయటివానికి అడుగులచప్పుడు తప్ప వేఱు వినబడదు. దీనిని విచిత్రవిలాసముగ నెంచి నవ్వినవారు కలరుగాని, నౌకలు ఒకదాని ప్రక్క నొకటి కట్టబడి, ప్రక్కనౌకయందలి గవాక్షము చేతికందునంత దూరమున వృద్ధదంపతులు నిద్రించుచుండు రేవులలో, ఇంతకంటె తెలివియైన ఉపాయము దొరకదు.

నిజమైన నూతనత్వము కాలపట్టికయందున్నది. సాధారణనౌకలు సాయంకాలమునకే రేవు విడుచుచుండగా, ‘యు’ నౌకలు పారిస్, వియన్నా, బుడాపెస్టు, ఆమ్‌స్టర్‌డామ్ వంటి నగరములయందు రాత్రియంతయు, కొన్నియెడల రెండు రాత్రులును నిలిచి, తెల్లవాఱుజామునకో మఱునాటికో బయలుదేఱునట్లు ఏర్పాటైనది. పారిస్ నుండి సేనునదిపై పోయివచ్చుట, ఫ్రాంక్‌ఫర్ట్ నుండి ఆమ్‌స్టర్‌డామునకు రైనుపై, ఫ్రాంక్‌ఫర్ట్ నుండి న్యూరెంబర్గునకు మైన్‌పై, రీగెన్స్‌బర్గ్ నుండి బుడాపెస్టునకు డాన్యూబుపై, ఇవి నాలుగు తొలియాత్రామార్గములు. నౌక హోటలుగను, నది వీథిగను మాఱినవనుట అతిశయోక్తి కాదు. దీనికి మూల్యమును కలదు: రాత్రులు నిలిచినకొలది పగలు ప్రయాణింపవలెను లేదా దూరము తగ్గింపవలెను, లాకులు నౌకకొఱకు వేచియుండవు.

వయఃపరిమితి రద్దు

తొలినౌక 2018 ఏప్రిలులో బయలుదేఱవలసియుండగా, మార్చియందే పైవయస్సు పరిమితి తొలగింపబడి, 21 ఏండ్లు దాటిన వారందఱికి ద్వారము తెఱవబడినది. వయస్సు మీఱియు ఉత్సాహము తగ్గనివారు పెక్కుమంది కోరిరని సంస్థ తెలిపినది. గదులు నిండకపోవుటయే కారణమని వర్తకవర్గములలో చెప్పుకొనిరి. రెండు నౌకలకును కలిపి వారమునకు సుమారు 240 పడకలు మాత్రమే యుండగా, నియమిత వయస్కులతోనే అవి నిండియున్నచో ఇతరులను ఆహ్వానింపవలసిన పని లేదు గావున, రెండవ వాదమునందే బలము కనబడుచున్నది. అట్లని మొదటిది అసత్యము కానక్కఱలేదు. ముప్పదియేండ్ల ఉద్యోగికి సెలవు స్వల్పము. సంతానవతికి అవకాశము మఱింత స్వల్పము. సెలవును ధనమును రెండును గలవాడు ఏబదియేండ్లవాడు. యువకులవలె కనబడు విహారమును కోరినది ఆతడే యగుట సహజము.

తొలియేడు రైనుపై ప్రకృతియు అనుకూలింపలేదు. 2018 వేసవినుండి వానలు లేక, అక్టోబరు 22న కౌబ్ కొలతస్థానమున నీరు 25 సెంటీమీటర్లకు దిగినది. ఆ అంకె నది లోతు కాదు. నౌకామార్గపు లోతు దానికంటె ఒక మీటరునకు పైగా అధికము. అయినను బరువునౌకలు నడచుటకు చాలదు. అట్టి కాలమున నదిపై యాత్రలు సగము బస్సుయాత్రలగును. 2019లో కాంటికి సంస్థ సోదరభావముతో ‘యు’ నౌకలను తన యాత్రికులకు 2020 వేసవియందు వినియోగింప నిశ్చయించినది. అది మొదటి యోచనకు మరలుటయే. కాని ఆ వేసవియందు కరోనా వ్యాధిచే నదులన్నియు నిశ్శబ్దములైనవి. 2024లో ట్రావెల్ కార్పొరేషన్ సంస్థయే అపోలో అను పెట్టుబడిసంస్థ వశమగుటకు ఒడంబడిక జరిగినది.

ఇతర ప్రయత్నములు

‘యు’ నౌకలే తొలియత్నమని తఱచు వ్రాయబడుచున్నది. వయస్సును నియమముగ విధించుటలో అది సత్యము. యువతరమును మనసునందిడుకొనుటలో కాదు. ఆస్ట్రేలియాదేశీయ సీనిక్ సంస్థవారు 2014లో ఆరంభించిన ఎమరాల్డ్ నౌకలయందు వెనుకభాగమున వెచ్చని ఈతకొలను కలదు. రాత్రి దానిపై నేల కప్పబడి అది చలనచిత్రశాలయగును. అమావాటర్‌వేస్ 2006 నుండియే నౌకలపై సైకిళ్లను మోయుచు, 2016లో డిస్నీవారి యాత్రాశాఖతో కలసి డాన్యూబుపై పిల్లల కుటుంబములను తెచ్చినది. అవలాన్ సంస్థ 2017లో డాన్యూబుపై నడక, పడవనడపుట, పర్వతారోహణములతోడి యాత్రలను ప్రవేశపెట్టినది. ఇవి ఏవియు యువకులకే యని చెప్పలేదు. దేహదార్ఢ్యము గల వారికని చెప్పినవి. ఫలితమున వీని సౌకర్యములే పెద్దల నౌకలకును ప్రాకినవి, నేడు సైకిలు లేని నదీనౌక అరుదు.

రాత్రివాసపద్ధతికి నగరములనుండియే అవరోధము కలుగుచున్నది. రద్దీని సహింపజాలక ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలకులు 2028 నాటికి నదీనౌకల రాకలను సగమునకు తగ్గింప నిశ్చయించిరి. స్థలాభావమునకు మాత్రము వేఱొక పరిష్కారము దొరకినది: లాకులు వెడల్పుగనున్న భాగములకే నౌకను పరిమితము చేసి, దానిని వెడల్పుగ కట్టుట. 2019లో వచ్చిన అమామాగ్నా వెడల్పు 22 మీటర్లు, సాధారణనౌకకు దాదాపు రెట్టింపు. ప్రయాణికులు 196 మందే. జలక్రీడలకు వెనుక తెఱచుకొను వేదిక, పలు భోజనశాలలు అందు కలవు. జర్మనులు 2022లో రైనుపై నడపిన అరోసా సేనా 17.7 మీటర్ల వెడల్పున పిల్లలకు ప్రత్యేకశాలతో, విద్యుద్బ్యాటరీలతో వచ్చినది. రెండును మైన్–డాన్యూబు కాలువలో దూరజాలవు. కావున అమామాగ్నా విల్స్‌హోఫెన్ నుండి దిగువకే నడచును.