పార్క్‌లో బిగిసిన గేరు: ఒక తాళం చరిత్ర

అమెరికాలో ఆటోమేటిక్ పికప్ ట్రక్కులు నడిపేవారిలో కొందరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు ఎదురవుతుంది. ఇంజను స్టార్టవుతుంది, బ్రేకు మీద కాలుంటుంది, గేర్ రాడ్ మాత్రం బండిని నిలిపి ఉంచే పార్క్ స్థానం నుంచి అంగుళం కూడా కదలదు. గేర్‌బాక్సు పోయిందని గుండె జారిపోతుంది. తరచుగా గేర్‌బాక్సు నిక్షేపంగానే ఉంటుంది. బ్రేకు తొక్కారన్న కబురు బండికి అందక, రాడ్‌ని పట్టి ఉంచిన చిన్న తాళం తెరుచుకోకపోవడమే అసలు సంగతి. ఆ తాళం అక్కడికి ఎందుకు వచ్చిందో తెలియనివారికి అది అనవసరపు అడ్డంకిలా కనిపిస్తుంది. దాని చరిత్ర చూస్తే మరో విషయం తేలుతుంది. మనిషి పొరపడతాడన్న నిజాన్ని కార్ల పరిశ్రమ ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఆ ఒప్పుకోలు లోహరూపం దాల్చితే వచ్చినదే ఈ తాళం. అది మొరాయించినప్పుడు చేయవలసిన పనేమిటో కూడా ఆ చరిత్రే చెబుతుంది.

జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రమాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు తెచ్చినప్పుడు అందులో పార్క్ అనే స్థానమే లేదు. ఇంజను ఆపి రివర్సులో వేస్తే చక్రాలు బిగుసుకునేవి. 1948లో వచ్చిన బ్యూక్ డైనాఫ్లోలో పార్క్ ఉంది కానీ, వరుస పార్క్, న్యూట్రల్, డ్రైవ్, లో, రివర్స్. అంటే ముందుకు తీసుకెళ్ళే గేరు పక్కనే వెనక్కి తీసుకెళ్ళే గేరు. కంపెనీ కంపెనీకి ఈ వరుస మారేది. ఒక కారుకు అలవాటుపడిన చెయ్యి మరో కారులో తప్పు చేయడం సహజం. చివరికి అమెరికా ప్రభుత్వం 102వ నంబరు భద్రతా ప్రమాణం తెచ్చి, 1968 నుంచి ముందు గేర్లకూ రివర్సుకూ మధ్య న్యూట్రల్ ఉండాలని, బండి గేర్లో ఉండగా స్టార్టు కాకూడదని నిర్దేశించింది. నేడు మనకు అలవాటైన వరుస ఇలా స్థిరపడింది. అయితే ఈ నియమం అక్షరాల వరుసను సరిదిద్దిందే కానీ, పార్క్ నుంచి రాడ్ బయటికి వచ్చే క్షణంలో కాలు ఎక్కడుందని అడగలేదు.

అక్షరాల వరుస ఒక్కటే చాలదని 1970లలో తేలింది. ఫోర్డ్ బళ్ళు కొన్ని పార్క్‌లో పెట్టినట్టే ఉండి, తర్వాత రివర్సులోకి జారి వెనక్కి కదిలాయని ఫిర్యాదులు వచ్చాయి. రాడ్ పూర్తిగా పార్క్‌లో కూర్చోక అంచున నిలిస్తే, ఇంజను అదురుకే జారిపోవచ్చునన్నది ఆరోపణ. డ్రైవర్లు సరిగా వేయలేదన్నది కంపెనీ వాదన. 1980లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం సుమారు 2 కోట్ల 30 లక్షల బళ్ళ యజమానులకు హెచ్చరిక స్టిక్కర్లు పంపారు. యంత్రంలో మార్చవలసినదాన్ని కాగితం మీద హెచ్చరికగా మార్చారు. దిగే ముందు హ్యాండ్‌బ్రేకు వేయమని గుర్తుచేయడం మంచిదే. కానీ అలసటలోనో హడావుడిలోనో ఉన్న మనిషిని స్టిక్కరు ఆపలేదు.

ఆపగల సాధనం ఆడి వివాదం తర్వాత వచ్చింది. ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని 1986 నవంబరులో సీబీఎస్ టీవీ చూపించాక అమెరికాలో గగ్గోలు పుట్టింది. 1987లో కంపెనీ సుమారు 2 లక్షల 50 వేల కార్లను వెనక్కి పిలిచి, బ్రేకు తొక్కితేనే రాడ్ కదిలేలా షిఫ్ట్ లాక్ బిగించింది. 1989లో వెలువడిన ప్రభుత్వ అధ్యయనం అటువంటి ప్రమాదాల్లో ఎక్కువ భాగం బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం వల్లే జరిగాయని తేల్చింది. తప్పు డ్రైవర్లదైతే కారుకు తాళమెందుకని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. నా సమాధానం ఇది: తప్పు డ్రైవరుదైనా దెబ్బ తగిలేది కారు ముందున్నవారికి. బ్రేకు తొక్కనిదే రాడ్ రాదంటే, బండి కదిలే క్షణానికి కాలు సరైన చోట ఉందని ముందే ఖాయమవుతుంది. తప్పెవరిదో తేల్చడం కన్నా, తప్పు జరిగే దారిని మూయడమే మేలు.

మార్గం తెలిసినా చట్టం నెమ్మదిగా నడిచింది. బండి వెనక్కి రావడం వల్ల ప్రాణం పోయిన ఒక రెండేళ్ళ పసివాడి పేరిట అమెరికా చేసిన చట్టం మీద 2008 ఫిబ్రవరిలో సంతకమైంది. దాని ప్రకారం 2010 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యే, 4,536 కిలోల లోపు స్థూల బరువు గల ఆటోమేటిక్ బళ్ళలో పార్క్ ఉంటే ఈ తాళం తప్పనిసరి. పసిపిల్లలు రాడ్‌ని లాగి బండిని కదిలించకుండా చూడటం అందులో ముఖ్యోద్దేశం. చాలా పికప్ ట్రక్కులు ఈ పరిధిలోకి వస్తాయి. గాలి బ్రేకుల భారీ లారీల్లో అనేకం పార్క్ స్థానం లేకుండానే, స్ప్రింగు బ్రేకుతో నిలుస్తాయి.

ఈ నేపథ్యం తెలిస్తే బిగిసిన రాడ్‌తో ఎలా వ్యవహరించాలో స్పష్టమవుతుంది. తాళం బ్రేకు కబురు కోసం ఎదురుచూస్తోంది కనుక ఆ కబురు నడిచే దారిని వెతకాలి. బ్రేకు తొక్కినప్పుడు వెనక ఎర్రలైట్లు వెలగకపోతే అనుమానం పెడల్ దగ్గరి స్విచ్చి మీదికో, ఫ్యూజు మీదికో వెళ్ళాలి. చాలా బళ్ళలో లైట్లకూ తాళానికీ కబురు ఆ స్విచ్చి నుంచే వెళుతుంది. లైట్లు వెలుగుతున్నా రాడ్ కదలకపోతే రాడ్‌ని పట్టి ఉంచే సొలినాయిడ్‌ని, దాని వైర్లను, బ్యాటరీ బలాన్ని చూడాలి. ఏటవాలులో నిలిపిన బండి కథ వేరు. అక్కడ బండి బరువంతా గేర్‌బాక్సు లోపలి పార్కింగ్ గొళ్ళెం మీద పడి అది బిగుసుకుంటుంది. ముందు హ్యాండ్‌బ్రేకు వేసి, ఆ తర్వాత పార్క్‌లో పెడితే ఈ బాధ ఉండదు.

అత్యవసరంలో తాళమే ప్రాణం మీదికి తెస్తుందనేది బలమైన అభ్యంతరం. అందుకే చాలా బళ్ళలో రాడ్ దగ్గర చిన్న మూత కింద తాళం విడిపించే ఏర్పాటు ఉంటుంది. అది ఎక్కడుందో యజమాని పుస్తకంలో చూసి తెలుసుకోవాలి, హ్యాండ్‌బ్రేకు వేశాకే వాడాలి. అది బండిని వర్క్‌షాపు దాకా చేర్చడానికే, రోజూ నడపడానికి కాదు. తాళం ఉండీ లేనట్టయితే ఎంత ప్రమాదమో 2017 డిసెంబరులో తెలిసింది. డాడ్జ్, రామ్ ట్రక్కుల్లో కొన్నింటిలో తాళం వేడెక్కి, తెరిచిన స్థితిలోనే ఉండిపోయి, బ్రేకు తొక్కకుండానే రాడ్ కదిలే ప్రమాదముందని అమెరికాలోనే దాదాపు 15 లక్షల బళ్ళను వెనక్కి పిలిచారు. బిగిసి ఆగిన తాళం చికాకు పెడుతుంది. తెరుచుకుని ఉండిపోయిన తాళం ఏ సూచనా ఇవ్వదు. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలంటే చికాకునే ఎంచుకోవాలి.

మన తెలుగు రాష్ట్రాల్లో లారీలు ఎక్కువగా క్లచ్ బళ్ళే. మన దగ్గర అమ్ముడవుతున్న చవక ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) కార్లలోనూ చాలావాటికి పార్క్ లేదు. కానీ పూర్తి ఆటోమేటిక్ కార్లు పెరుగుతున్నాయి, అమెరికాలో స్థిరపడిన తెలుగువారు రోజూ ఇలాంటి బళ్ళే నడుపుతున్నారు. రాడ్ కదలనప్పుడు బలప్రయోగం చేయకండి, తాళం తీసి పారేయమని మెకానిక్కుకు చెప్పకండి. ముందు బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి, లోపం ఎక్కడుందో అక్కడే బాగుచేయించండి.